లామినేట్ నేల, ఆఫీసు కుర్చీ: నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇళ్లకు ఫ్లోరింగ్ వేయడం నా పని. 2020 తర్వాత ఇంట్లో ఒక గదిని ఆఫీసుగా మార్చుకునేవాళ్లు బాగా పెరిగారు. 2023లో మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలోనూ నల్లగొండలోనూ ఐటీ టవర్లు ప్రారంభమయ్యాక చిన్న ఆఫీసులవాళ్లు కూడా లామినేట్ గురించి అడుగుతున్నారు. ఏడాది తిరిగేసరికి గదంతా బాగానే ఉండి, కుర్చీ కింద మాత్రం నేల తెల్లబారి గరుకుగా అయిపోయిందని ఫోను వస్తుంది. విన్నప్పుడల్లా బాధగా ఉంటుంది, ఎందుకంటే చాలా వరకు అది జరగకుండా ఆపగలిగిన నష్టం. ఫోనులో విడివిడిగా చెబుతున్న జవాబులను ఇక్కడ ఒకచోట రాశాను.

పాత ఇంట్లో షాబాదు బండల మీద ఇదే కుర్చీ పదేళ్లు వాడాము. ఒక్క గీత కనపడలేదు. లామినేట్ మీద ఆరు నెలలకే ఎందుకు పడ్డాయి?

షాబాదు బండ అయినా తాండూరు బండ అయినా పైనుంచి అడుగు దాకా రాయే. గీత పడినా దాని కింద ఉన్నది అదే రంగు రాయి కాబట్టి కంటికి ఆనదు. మరీ మసకబారితే పాలిష్ పట్టిస్తే సరిపోతుంది.

లామినేట్ సంగతి వేరు. చెక్క పీచును జిగురుతో కలిపి, వేడి మీద గట్టిగా నొక్కి చేసిన పలక దాని ఒళ్లు. ఆ పలక మీద ఒక కాగితం, ఆ కాగితం మీద చెక్క బొమ్మ. మీరు టేకు అనుకుని ముచ్చటపడేది ఆ బొమ్మనే. దాని మీద మెలమిన్ రెసిన్‌తో చేసిన పారదర్శకమైన పొర ఉంటుంది, అందులో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు కలుపుతారు. ఈ పై పొర మందం మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే. మొత్తం నేల అందాన్ని కాపాడుతున్నది ఆ పలుచని పొర ఒక్కటే. అది పోతే కాగితం అరుగుతుంది, కాగితం పోతే గోధుమరంగు పీచు బయటపడుతుంది. మళ్లీ పాలిష్ పట్టడానికి అక్కడ ఏమీ మిగలదు.

గీతలు పడేది చక్రం వల్లనా, ఇసుక వల్లనా?

చాలామంది చక్రాన్నే తిడతారు. నేనైతే ముందు ఇసుకను పట్టుకుంటాను. కుర్చీకి వచ్చే నైలాన్ చక్రం గట్టిదే కానీ లామినేట్ పై పొరకన్నా గట్టిది కాదు. శుభ్రమైన నేల మీద శుభ్రమైన నైలాన్ చక్రం సన్నని గీతలు పెద్దగా వేయదు. చక్రానికీ నేలకూ మధ్య ఒక ఇసుక రేణువు చేరినప్పుడే కథ మారిపోతుంది.

మన ప్రాంతంలో ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడ ఎక్కువ భాగం ఎర్ర చల్క నేలలు. గ్రానైటు గుట్టలు తరతరాలుగా చితికి, అరిగి అయిన మట్టి అది. భువనగిరి కోట నిలబడిన ఆ ఒంటిరాయి గుట్ట, దేవరకొండ, కోయిలకొండ కోటల చుట్టూ ఉన్న బండలు ఏ జాతివో, మీ చెప్పు అంచున అంటుకుని గదిలోకి వచ్చే రేణువు కూడా దాదాపు ఆ జాతిదే. అందులో పలుగురాయి ఉంటుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో పలుగురాయిది 7వ స్థానం. వంటింట్లో కూరగాయలు కోసే మామూలు చాకు దానికన్నా కింద ఉంటుంది. పై పొరలో కలిపే అల్యూమినియం ఆక్సైడ్ 9వ స్థానంలో ఉన్నా, అది రెసిన్‌లో అక్కడక్కడా పరుచుకున్న రేణువుల రూపంలోనే ఉంటుంది. వాటి మధ్య ఉన్న రెసిన్‌ను పలుగురాయి సులభంగా గీరుతుంది. గడప ముందు వేసే రాతి ముగ్గు పిండి కూడా కాళ్లకు అంటుకుని లోపలికి వచ్చి ఇదే పని చేస్తుంది.

అందుకని మొదటి కాపలా గుమ్మం దగ్గరే ఉండాలి. బయట గరుకు పట్టా ఒకటి, లోపల మెత్తని బట్ట పట్టా ఒకటి వేయండి. చెప్పులు గదిలోకి రానివ్వకండి. కుర్చీ తిరిగే చోటును మాత్రం రోజూ ఊడవాలి, అది కూడా మెత్తని గడ్డి చీపురుతో. మిగతా గది రెండు రోజులకొకసారి ఊడ్చినా నష్టం లేదు.

కొన్నిచోట్ల గీతలు కాదు, పలకల అతుకులే పైకి లేచాయి. అంచులు చిట్లాయి. ఇది ఎందుకు?

ఇది బరువు చేసే పని. 75 కిలోల మనిషి 15 కిలోల కుర్చీలో కూర్చుంటే మొత్తం 90 కిలోలు. అయిదు చక్రాలకు పంచితే ఒక్కోదాని మీద 18 కిలోలు. వెనక్కి వాలినప్పుడో, ఒక పక్కకు ఒరిగి కింది సొరుగు లాగినప్పుడో రెండు చక్రాల మీదే సగానికి పైగా పడుతుంది. గట్టి చక్రం నేలను తాకే చోటు వేలిగోరంత కూడా ఉండదు. అంత చిన్న చోటులో అంత బరువు రోజుకు వందసార్లు అతుకును దాటితే, ఒక పలక నాలుకను ఇంకో పలక గాడిలో దూర్చి వేసిన ఆ పట్టు వదులవుతుంది.

లామినేట్‌ను నేలకు అంటించరు. ఫోమ్ పరిచి దాని మీద పలకలను ఒకదానితో ఒకటి బిగిస్తారు, అంతే. కింద ఫోమ్ మెత్తగా ఉంటే చక్రం వెళ్లినప్పుడల్లా అతుకు కిందికి వంగి పైకి లేస్తుంది. కాలికి హాయిగా ఉంటుందని 5 మి.మీ. ఫోమ్ వేయమని కొందరు పట్టుబడతారు. ఆఫీసు గదికి అది చేటు. గట్టిగా ఉండే 2 లేదా 3 మి.మీ. ఫోమ్ చాలు. నడిచినప్పుడు టకటకమనే చప్పుడు వస్తోందంటే ఆ చోట కింద నేల ఎగుడుదిగుడుగా ఉందని అర్థం. కుర్చీని అక్కడ నుంచి జరపండి.

నా కుర్చీ చక్రాలు గట్టివో మెత్తవో ఎలా తెలుస్తుంది?

గోటితో నొక్కి చూడండి. మెత్తని చక్రం అంచు మీద గోరు కొద్దిగా దిగుతుంది, గట్టిదాని మీద జారిపోతుంది. చూపుతోనూ పట్టవచ్చు. మొత్తం ఒకే నలుపు రంగులో, నున్నగా మెరుస్తూ ఉంటే చాలావరకు గట్టి నైలాన్. లోపల ఒక రంగు, చుట్టూ పట్టీ ఇంకో రంగు ఉంటే సాధారణంగా మెత్తనిది.

కుర్చీ చక్రాలకు యూరప్‌లో ఈఎన్ 12529 అనే ప్రమాణం ఉంది. అందులో గట్టి చక్రాలను హెచ్ రకమనీ, మెత్తని అంచు ఉన్నవాటిని డబ్ల్యూ రకమనీ అంటారు. హెచ్ రకం తివాచీ పరిచిన నేలల కోసం. డబ్ల్యూ రకం చెక్క, లామినేట్, టైల్స్ వంటి గట్టి నేలల కోసం. గట్టి నేలకు మెత్తని చక్రం, మెత్తని నేలకు గట్టి చక్రం. ఈ ఒక్క మాట కుర్చీ అమ్మేచోట ఎవరూ చెప్పరు, మార్కెట్లో దొరికే మామూలు కుర్చీల్లో ఎక్కువ వాటికి నైలాన్ చక్రాలే ఉంటాయి.

చక్రాలు నేనే మార్చుకోవచ్చా? కొత్త కుర్చీ కొనాలా?

కుర్చీ కొనక్కర్లేదు. చక్రాలు విడిగా అయిదింటి సెట్టుగా దొరుకుతాయి. పాలియురేథేన్ అనే మెత్తని ప్లాస్టిక్ అంచు ఉన్నవి అడగండి.

ముందు పాత దుప్పటి పరిచి కుర్చీని దాని మీద పక్కకు పడుకోబెట్టండి. నేల మీదనే పడుకోబెడితే చేతిపిడి అంచు ఇంకో గీత వేస్తుంది. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని నేరుగా లాగితే చాలావరకు ఊడి వస్తుంది. బిగుసుకుని ఉంటే కాస్త నూనె వేసి పది నిమిషాలు ఆగి, అటూ ఇటూ తిప్పుతూ లాగండి. ఊడిన చక్రం పైన ఉన్న ఇనుప కడ్డీని కొలవాలి. ఎక్కువ కుర్చీలకు అది 11 మి.మీ. లావు, 22 మి.మీ. పొడవు. కొన్ని కంపెనీల కుర్చీలకు 10 మి.మీ. లావు ఉంటుంది, కొన్నిటికి మరలు ఉంటాయి. కొలవకుండా కొంటే ఒక మి.మీ. తేడాతో చక్రం వదులై, కుర్చీ ఎత్తినప్పుడల్లా జారిపోతుంది. కొత్తది పెట్టేటప్పుడు సుత్తితో కొట్టవద్దు. గట్టిగా నొక్కితే టప్పున కూర్చుంటుంది.

అయిదూ ఒకేసారి మార్చండి. రెండు కొత్తవి, మూడు పాతవి కలిపితే కుర్చీ ఒరుగుతుంది, ఆ ఒరుగుడు బరువంతా ఒకవైపు చక్రాల మీద పడుతుంది. 75 మి.మీ. వ్యాసం ఉన్న పెద్ద చక్రాలు కూడా దొరుకుతున్నాయి. మామూలు 50 మి.మీ. చక్రాలకన్నా అవి బరువును ఎక్కువ చోటుకు పంచుతాయి, అతుకుల మీద కుదుపు లేకుండా దొర్లుతాయి. అయితే కుర్చీ ఎత్తు సుమారు రెండున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది. పొట్టివాళ్లకు కాళ్లు నేలకు ఆనకపోతే నడుము నొప్పి వస్తుంది కాబట్టి ముందు చూసుకోండి.

మెత్తని చక్రాలు పెట్టాక ఇక చూసుకోవాల్సింది ఏమీ లేదా?

ఉంది. మెత్తని అంచుకు ఇసుక ఇంకా బాగా అంటుకుంటుంది. నెలకొకసారి కుర్చీని తిరగేసి తడిబట్టతో అయిదు చక్రాలూ తుడవండి, తర్వాత పొడిబట్టతో. ఇరుసు దగ్గర తల వెంట్రుకలు, దారాలు చుట్టుకుని ఉంటాయి. చిన్న కత్తెరతో కోసి తీసేయండి. దర్జీ పని చేసుకునే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. దారం బిగిసిన చక్రం తిరగదు, ఈడ్చుకుపోతుంది. దొర్లే చక్రం నేలకు చేసే హాని చిన్నది. ఈడ్చుకుపోయే చక్రం ఒక్క మధ్యాహ్నంలోనే గీత వేయగలదు.

కుర్చీ కింద వేసే షీటు కొంటే ఇవన్నీ అక్కర్లేదు కదా?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. షీటు మంచిదే, కానీ చక్రం మార్చిన తర్వాత. షీటు ఒక్కటే వేసి ఊరుకున్న ఇళ్లలో దాని అంచు దాటిన చోట నేల పాడవడం చూశాను. మనిషి బల్ల దగ్గరే కూర్చోడు కదా, ఫోను వస్తే కుర్చీతో సహా కిటికీ దాకా వెళతాడు.

కొనాలంటే పాలీకార్బొనేట్ షీటు కొనండి. గట్టిగా ఉంటుంది, గుంతలు పడదు, రంగు మారదు. 90 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు ఒక మనిషికి సరిపోతుంది. అడుగున నున్నగా ఉండాలి. చిన్న చిన్న ముళ్లలాంటివి ఉన్నాయంటే అది తివాచీల కోసం చేసిన షీటు. లామినేట్ మీద వేస్తే ఆ ముళ్లే పై పొరను గీరుతాయి.

డైనింగ్ టేబుల్ మీద పరిచే మెత్తని పారదర్శక పీవీసీ షీటును మీటర్ల లెక్కన కొని కుర్చీ కింద వేస్తున్నారు. దయచేసి వద్దు. మెత్తదనం కోసం దానిలో కలిపే నూనెలాంటి పదార్థాలు మెల్లగా బయటికి వస్తాయి. మన ఎండల్లో గది వేడెక్కినప్పుడు అది నేలకు అతుక్కుంటుంది, కొన్నాళ్లకు పసుపుపచ్చ మచ్చ వదులుతుంది. ఆ మచ్చ ఏ మందుతోనూ పోదు. నల్ల రబ్బరు పట్టాలు, రబ్బరు అడుగు ఉన్న డోర్‌మ్యాట్లు కూడా అంతే. జంపఖానా పరిస్తే చక్రాల కింద మడతలు పడుతుంది, ఈతచాప వారంలో చిట్లుతుంది. దళసరిగా గట్టిగా నేసిన తివాచీ ఫర్వాలేదు, అయితే దాని అడుగు గరుకుగా ఉండకూడదు.

ఏది వేసినా పదిహేను రోజులకొకసారి ఎత్తి కింద ఊడవండి. షీటు కింద చేరిన ఇసుక మీ బరువుతో ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. మహబూబ్‌నగర్‌లో ఒక ఇంట్లో రెండేళ్లు కదపని షీటును నేనే ఎత్తాను. గదిలో అన్నిచోట్లా నేల బాగుంది. షీటు కింద మాత్రం, దాని కొలతకు సరిగ్గా, నేల అరిగిపోయి ఉంది.

నేలను కడగవచ్చా? పండుగ వస్తే మా ఇంట్లో కడగకుండా ఉండలేరు.

నాకు తెలుసు. బతుకమ్మ, దసరా ముందు ఇల్లంతా నీళ్లు కొట్టి కడగడం మన అలవాటు, బండల ఇళ్లలో అదే శుభ్రత. కానీ లామినేట్ 1977లో స్వీడన్‌లో పుట్టిన వస్తువు. బకెట్టు నీళ్లు కుమ్మరించే ఇంటిని దృష్టిలో పెట్టుకుని దాన్ని చేయలేదు. లోపల ఉన్నది చెక్క పీచు. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరినా మునుపటి మందానికి రాదు.

కుర్చీ ఉన్న చోట ఇది రెట్టింపు ప్రమాదం. చక్రాలు వదులు చేసిన అతుకుల్లోంచే నీళ్లు మొదట దిగుతాయి. అంచులు ఉబ్బి పైకి లేస్తాయి. లేచిన అంచును చక్రం కొట్టి చిట్లగొడుతుంది. ఆ చీలికలోంచి ఇంకా నీళ్లు దిగుతాయి.

పద్ధతి ఇది. ముందు ఊడవాలి, ఊడవకుండా తడిబట్ట పెడితే ఇసుకను గదంతా రుద్దినట్టే. తర్వాత బట్టను చుక్క నీరు కారనంతగా పిండి తుడవాలి. నిమిషం రెండు నిమిషాల్లో నేల ఆరిపోవాలి. మన బోరునీళ్లలో లవణాలు ఎక్కువ. నల్లగొండ జిల్లా నీళ్ల గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లతో తుడిస్తే ఆరాక తెల్లని పొర మిగులుతుంది, చాలామంది దాన్ని చూసి నేల అరిగిందని భయపడి నాకు ఫోను చేస్తారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లుంటే వాటితో తుడవండి, వెంటనే పొడిబట్ట పెట్టండి.

ఎండాకాలం, వానాకాలం మార్పులకు దీనితో సంబంధం ఉందా?

ఉంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే పొడి వేడికి పలకలు కుంచించుకుంటాయి, వానలు పట్టాక వ్యాకోచిస్తాయి. అందుకే గోడల వెంట 8 నుంచి 10 మి.మీ. ఖాళీ వదిలి, దాన్ని పట్టీతో కప్పుతాము. ఆ ఖాళీ వదలకుండా వేసిన గదిలో వానాకాలం వచ్చేసరికి నేల మధ్యలో పొంగుతుంది, కుర్చీ అక్కడ ఎక్కి దిగుతూ అతుకులను విరుస్తుంది.

మన వేసవిలో కూలర్ ఒకటి మర్చిపోకూడదు. తలుపులు మూసిన గదిలో కూలర్ రోజంతా తిరిగితే గాలిలో తేమ బాగా పెరుగుతుంది. పైగా నీళ్లు పోసేటప్పుడు నాలుగు చుక్కలు కింద పడతాయి. కూలర్‌ను కిటికీ బయట పెట్టండి, లోపలే పెట్టాల్సి వస్తే కింద ట్రే వేసి కిటికీ కొంచెం తెరిచి ఉంచండి.

ఇప్పుడే కొత్తగా వేయించుకుంటున్నాము. కుర్చీ వాడే గదికి ఏది అడగాలి?

మందం చూసి మోసపోకండి. 12 మి.మీ. పలక 8 మి.మీ. పలకకన్నా గట్టిగా నిలుస్తుంది, అతుకు బలంగా ఉంటుంది. కానీ పై పొర అరుగుదలకూ మందానికీ సంబంధం లేదు. దానికి ఈఎన్ 13329 ప్రమాణంలో ఏసీ అనే తరగతులున్నాయి. అరుగుదలను తట్టుకునే శక్తి సంఖ్యతో పాటు పెరుగుతుంది. పడకగదికి ఏసీ-3 చాలు. రోజుకు ఎనిమిది గంటలు కుర్చీ తిరిగే గదికి ఏసీ-4 కన్నా తక్కువ తీసుకోవద్దు, నలుగురు పనిచేసే ఆఫీసుకు ఏసీ-5 తీసుకోండి. కుర్చీ చక్రాల కోసం ఈఎన్ 425 అనే ప్రత్యేక పరీక్ష కూడా ఉంది. అందులో బరువు పెట్టిన చక్రాలను 25,000 సార్లు తిప్పి చూస్తారు. ఆ పరీక్ష నెగ్గిందో లేదో పెట్టె మీద కుర్చీ గుర్తు చూసి, వివరాల కాగితం అడిగి తెలుసుకోండి. వారంటీ కాగితం కూడా పూర్తిగా చదవండి, మెత్తని చక్రాలు వాడితేనే చెల్లుతుందని చాలావాటిలో రాసి ఉంటుంది. గీతలే పడవని చెప్పి అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి.

పాత బండల మీదే వేయిస్తున్నట్టయితే బండల మధ్య ఎగుడుదిగుడులు ముందు సరిచేయించండి. 2 మీటర్ల నిడివిలో 3 మి.మీ. దాటిన తేడా ఉండకూడదు. కింది అంతస్తయితే ఫోమ్ కింద పాలిథిన్ షీటు తప్పనిసరి, లేకపోతే నేల చెమ్మ పైకి ఎక్కుతుంది. చెదల మందు కూడా ముందే కొట్టించండి.

ఇంకా నిర్ణయించుకోని వాళ్లకు నా మనసులో మాట చెబుతాను. నా వ్యాపారానికి నష్టమైనా సరే, నేల కడగకుండా ఉండలేని ఇంటికి ఆఫీసు గదిలో బండలో టైల్సో మేలు.

అద్దె ఇంట్లో ఉన్నాము. అడ్వాన్సులో కోత పడుతుందేమోనని భయం.

చేరిన రోజే బల్ల పెట్టబోయే చోటును వెలుతురులో ఫోటోలు తీసి ఇంటి యజమానికి పంపండి. చక్రాలు మార్చి, పాలీకార్బొనేట్ షీటు వేయండి. పాత చక్రాలు దాచుకుంటే కుర్చీ అమ్మేటప్పుడు పనికొస్తాయి.

పిల్లలు కుర్చీలో గిరగిర తిరుగుతారు. దానివల్ల నష్టముందా?

సీటు మాత్రమే తిరిగితే నేలకు ఏమీ కాదు. కాళ్లతో తన్ని గదికి అడ్డంగా జారే ఆటతోనే చిక్కు. చక్రాలు ఒక్కసారిగా దిశ మార్చుకునేటప్పుడు పక్కకు రాసుకుంటాయి.

ఇప్పటికే పడిన గీతలను బాగు చేయవచ్చా?

సన్నని గీతలకు, చిన్న చిట్లులకు రంగు కలిసే మైనపు కడ్డీలు దొరుకుతాయి. చోటు శుభ్రం చేసి, కడ్డీని గీతలోకి నింపి, ప్లాస్టిక్ ముక్కతో పైన సమం చేసి, బట్టతో తుడవాలి. దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది, నిలబడి చూస్తే తెలియదు. పాలిష్ మిషను పెట్టించకండి, ఉప్పుకాగితం రుద్దకండి. నేలకు మెరుపు తెచ్చే ద్రావణాలు పూస్తే రెండు రోజులు బాగుండి, తర్వాత చక్రాల గుర్తులు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి.

పై పొర పూర్తిగా పోయి పీచు కనపడుతుంటే పలకను మార్చడమే మార్గం. నేలకు అంటించలేదు కాబట్టి అది సాధ్యమే. దగ్గరి గోడ వైపు పట్టీ తీసి, అక్కడి నుంచి ఒక్కొక్క వరుసా విప్పుకుంటూ పాడైన పలక దాకా రావాలి. పలకలకు వెనక నంబర్లు వేసుకుంటే తిరిగి అదే వరుసలో బిగించవచ్చు. కొత్త పలక కోసం తిరిగితే నాలుగేళ్ల తర్వాత ఆ రంగు, ఆ గాడి దొరకడం కష్టం. అందుకే వేయించేటప్పుడే ఒక పెట్టె ఎక్కువ తీసుకుని, నిటారుగా కాకుండా బల్లపరుపుగా, మంచం కింద దాచమంటాను. ఆ పెట్టె లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. నల్లగొండలో ఒక ఇంట్లో బీరువా కింద ఉన్న మూడు పలకలు తీసి బల్ల దగ్గర వేశాను, అరిగిన మూడింటినీ బీరువా కిందకు పంపాను. బీరువా కింది పలకలు ఎండ తగలక కొంచెం ముదురు రంగులో కనిపించాయి. కిటికీ వెలుతురు పడుతుండగా ఆ తేడా మెల్లగా తగ్గింది.